పెరటి కోళ్లకు టీకా

గుడ్ల మీద వచ్చు డబ్బు ఇల్లాలి చేతి ఖర్చు. కొక్కెర తెగులు తగిలినచో అది నాలుగు దినములలో పోవును. కోడి మెడ వంకరపోయి, ఆకుపచ్చగా పారి చచ్చును. వచ్చిన పిమ్మట మందు లేదు.

పిల్లలకు మొదటి వారములో లసోటా చుక్క కంటిలో వేయించి, ఎనిమిదవ వారమున ఆర్.టు.బి. టీకా సూదితో వేయించవలెను. టీకాను మంచులోనే తేవలెను. ఎండ తగిలిన టీకా నీళ్లతో సమానము. కలిపిన మందు రెండు గంటలకు మించి నిలువదు. ఒక సీసా సాధారణముగా నూరు కోళ్లకు వచ్చును గనుక, పది కోళ్లకై విప్పుట దండుగ. వీధివారందరు కూడి, తెల్లవారుజామున గంపలు ఎత్తకముందే వేయించుడు.

సంతలో కొన్న కోడిని రెండు వారములు వేరుగా ఉంచుడు. జబ్బుకోడిని చవుకగా అమ్మువారు కలరు. అది పొరుగూరికి తెగులు పంపుటయే. చచ్చినదానిని సున్నము చల్లి లోతుగా పాతిపెట్టుడు.