కేంద్రానికి పోసే ముందు పిల్లల వాటా

సంఘాల తనిఖీలో పాల పుస్తకం, వెన్న శాతం, బిల్లుల బట్వాడా చూడడం మా విధి. ఆ పుస్తకాలకెక్కని లెక్క ఒకటి ఉన్నది. ఇంట్లో పిల్లలకు ఎన్ని పాలు మిగిలాయన్నది. రెండు గేదెలున్న ఇంట కూడా పాలన్నీ కేంద్రానికి చేరి, పిల్లవాడికి గ్లాసెడు టీ, ముంచుకోను బిస్కెట్టు దక్కడం చాలా చోట్ల చూస్తున్నాము.

ఇంటి వాడకానికి పోను మిగిలిన పాలు పోయడమే సహకార పద్ధతి. పూటకు నాలుగు లీటర్లు పోసే సభ్యుడు ఇద్దరు పిల్లలకు రోజుకు అర లీటరు ఆపుకుంటే తగ్గేది పదహారో వంతు. అంటే బిల్లులో పదహారు రూపాయలకు ఒక్క రూపాయి.

కొందరు తొలి ధారలు ఇంటికి ఉంచి, చివరి ధారలు కేంద్రానికి తెస్తారు. తొలి ధారల్లో వెన్న తక్కువ, చివరి వాటిలో ఎక్కువ అని వారికి తెలుసు. ఈ తెలివి పిల్లల మీద చూపడం భావ్యం కాదు. పాలన్నీ పితికి, బాగా కలిపిన తరువాతే పిల్లల వాటా తీయవలెను. ఆ వాటాను పొంగే వరకు కాచి ఇవ్వండి. పాలు తాగనని మారాం చేసే పిల్లను కొట్టి తాగించనక్కరలేదు, పెరుగన్నం పెట్టండి. వెన్న తీసిన మజ్జిగలోనూ మాంసకృత్తులు, సున్నం ఉంటాయి. వెన్నతో పోయేది కొవ్వు, ఏ విటమిను.

అలాగని పాలొక్కటే చాలవు. వాటిలో ఇనుము బహు స్వల్పం. పాలతోనే కడుపు నింపితే పిల్ల అన్నం, కూర ముట్టదు, రక్తం పట్టదు. పెరట్లో తోటకూర, మునగాకు ఉండగా కొనే పని లేదు. ఆకుకూర పప్పు దించాక నిమ్మకాయ పిండితే అందులోని ఇనుము ఒంటికి బాగా పడుతుంది. భోజనంతో పాటు టీ ఇస్తే ఆ ఇనుము సరిగా పట్టదు. రాగిజావ మరువకండి. నూరు గ్రాముల రాగుల్లో సున్నం 300 మిల్లీగ్రాములకు పైనే.

పెద్దలు కూర పక్కకు నెట్టి పచ్చడితో ముగిస్తే పిల్లలూ అంతే చేస్తారు. రాత్రి పూటైనా అందరూ ఒకే పంక్తిన కూర్చొని, తండ్రి కూడా ఆ ఆకుకూరే తినవలెను. బిల్లు అందిన రోజున పిల్లలకు ఏదైనా తేవాలనిపించడం సహజం. రంగు ప్యాకెట్లకు బదులు వేరుశనగ గుళ్లు, బెల్లం తెండి. అరటిపండ్లయినా సరే.

ఆరు నెలల లోపు బిడ్డకు మాత్రం తల్లిపాలే. నీళ్లు కలిపినవైనా సరే, గేదె పాలు పట్టరాదు.