యంత్రము వ్రాసిన మాట: కథయా, సాక్ష్యమా?

యంత్రముచేత వ్రాతపని చేయించుట నేడు గ్రామములకు కూడ వచ్చినది. సెల్‌ఫోనులో అడిగినంతనే కృత్రిమ మేధ అర్జీ వ్రాసి యిచ్చుచున్నది; ఉపన్యాసము కూర్చుచున్నది; చట్టమును వివరించుచున్నది. ఈ వ్రాతను సత్యముగా ఎంచవలెనా, కథగా ఎంచవలెనా? ఇది పండితుల చర్చకు మాత్రమే చెందిన ప్రశ్న కాదు. తీర్మానములపై సంతకము చేయు పంచాయతీ సభ్యులకు ఇది చాల ముఖ్యమైనది.

ముందుగా ఈ యంత్రము పనిచేయు తీరును తెలిసికొందము. 2022 నవంబరులో ఛాట్‌జీపీటీ ప్రజలకు అందుబాటులోనికి వచ్చిన పిమ్మట ఇట్టి సాధనములు బహుళ ప్రచారము పొందినవి. అపారమైన వ్రాతలను చూపి, ఏ మాట వెనుక ఏ మాట వచ్చుట సహజమో వీనికి నేర్పుదురు. ఆ నేర్పుతోనే అవి మాట వెంబడి మాట పేర్చును. అందుచేత అవి చెప్పునది పెక్కుమారులు నిజమే యగును. కాని తెలియని చోట ఆగక, నిజమువలె కనబడు మాటను కల్పించుటయు కలదు.

2023లో అమెరికాలోని న్యూయార్కు ఫెడరల్ న్యాయస్థానమున జరిగిన ఉదంతము ఇందుకు తార్కాణము. ఒక విమాన ప్రయాణికుని తరఫు న్యాయవాదులు ఛాట్‌జీపీటీ చెప్పిన పూర్వపు తీర్పులను తమ వాదపత్రములో ఉదహరించిరి. వానికి పేర్లున్నవి, సంఖ్యలున్నవి. వెదకి చూడగా అట్టి తీర్పులే లేవు. అవి నిజమేనా యని ఒక న్యాయవాది అంతకుముందు ఆ యంత్రమునే అడుగగా, నిజమే యని అది జవాబిచ్చినది! న్యాయస్థానము విధించిన 5,000 డాలర్ల జరిమానా న్యాయవాదులపైనను, వారి సంస్థపైనను పడినది, యంత్రముపై కాదు.

ఆ వ్రాతయే నాటకములో వచ్చియుండినచో ఎవరికిని నష్టము లేదు. బుర్రకథలో యుద్ధమును వర్ణించునపుడు సైనికుల లెక్క మనము అడుగము. కథ రక్తికట్టినదా యని చూతుము. అడంగలులోగాని పహాణీలోగాని సర్వే నంబరును చదువునపుడు, ఇంపుగా ఉన్నదా యని చూడము; సరిగా ఉన్నదా యని చూతుము. కావున వ్రాసినది ఎవరన్న దానికంటె, ఆ వ్రాత ఏ పనికి వచ్చుచున్నదో ముఖ్యమని మా అభిప్రాయము. పారిశుద్ధ్యముపై పాటను, బడిపిల్లల నాటికను కథగా ఎంచవచ్చును. తీర్మానమును, లబ్ధిదారుల జాబితాను, పురుగుమందు మోతాదును సాక్ష్యముగా పరీక్షింపవలెను. ఉపన్యాసము కథవలె సాగినను, అందు చేరిన ప్రతి అంకెకును ఆధారము కావలెను.

2025 ఆగస్టు 14న కేంద్ర పంచాయతీరాజ్ మంత్రిత్వశాఖ 'సభాసార్' అను సాధనమును ప్రవేశపెట్టినది. గ్రామసభలో రికార్డు చేసిన మాటలనుండి ఇది సభా వివరములను తయారుచేయును. వ్రాతశ్రమ తగ్గుట మేలే. కాని 'ఆలోచింతము' అని సభ్యులన్నది 'ఆమోదించితిమి' అని పడినచో? వెనుక వరుసనుండి మెల్లగా పలికిన వృద్ధురాలి అభ్యంతరము జారిపోయినచో? వ్రాత చక్కగనే ఉండును. ఆమె నోరు మెదపలేదనియే రేపు ఆ రికార్డు సాక్ష్యమిచ్చును.

కావున సభ్యులు ఈ క్రింది పద్ధతులను పాటించుట మంచిది:

1. యంత్రము వ్రాసిన సభా వివరములను సంతకమునకు ముందు అందరును వినునట్లు చదివింపవలెను.

2. మొత్తములను, తేదీలను, సర్వే నంబర్లను, జీ.ఓ. సంఖ్యలను అసలు కాగితముతో పోల్చి చూడవలెను.

3. వ్రాత నిజమా కాదా యని ఆ యంత్రమునే అడిగి తృప్తిపడరాదు.

4. అభ్యంతరము చెప్పిన వారిని పిలిచి, తమ మాట సరిగా చేరినదో లేదో అడుగవలెను.

యంత్రము సభకు వ్రాయసకాడు కావచ్చును. వ్రాసినది నిజమని చెప్పవలసిన సాక్షులు మాత్రము సభలో కూర్చున్నవారే. రాబోవు గ్రామసభలో ఈ పద్ధతులను ఆచరణలో పెట్టవలసినదిగా సభ్యులను కోరుచున్నాము.