తంతి లేని మాట ఖండములు దాటుట ఎట్లు?

పంచాయతీ సభ్యులతో విజ్ఞాన విషయములు ముచ్చటించునపుడు మాకు తరచుగా ఒక ప్రశ్న ఎదురగుచుండును. "భూమి గుండ్రముగా ఉన్నదని బడిలో చెప్పినారు. రేడియో తరంగము వెలుగువలె తిన్నగా పోవునని మీరు చెప్పుచున్నారు. అట్లయిన ఇక్కడినుండి పంపిన మాట అమెరికాలో ఎట్లు వినబడును? మధ్య నేల అడ్డము రాదా?" అని. ఈ ప్రశ్న సమంజసమైనదే. ఒకప్పుడు ఇది గొప్ప శాస్త్రజ్ఞులను సైతము ఆలోచనలో పడవేసినది.

దీనికి సమాధానము తెలిసికొనుట పొద్దు పుచ్చుటకు మాత్రమే కాదు. తుపాను రాత్రి కరెంటు పోయి, సెల్ టవర్లు మూగవోయినపుడు, ఊరి పరిస్థితిని పై అధికారులకు తెలుపుటకు ఈ విద్య అక్కరకు వచ్చును. ఊరి బాధ్యత వహించినవారు దీని మంచిచెడ్డలను ఎరిగి యుండుట అవసరము. కావున ఈ నెల ఔత్సాహిక రేడియో, అనగా హామ్ రేడియోను గురించి తెలిసికొందము.

హామ్‌లు అనగా ఎవరు?

రేడియోలో పాటలు, వార్తలు వినుట మనకందరకు అలవాటే. వినుటతో తృప్తి పడక, తామే యంత్రమును అమర్చుకొని, ఇతర దేశములవారితో మాటాడువారు కొందరున్నారు. వారినే హామ్‌లు అందురు. వారికిది జీవనోపాధి కాదు. దీనిపై డబ్బు సంపాదించుట నిషిద్ధము. పరీక్షలో నెగ్గి, కేంద్ర ప్రభుత్వమునుండి లైసెన్సు పొందినవారే తరంగములను పంపవలెను. లైసెన్సుతోపాటు ఒక్కొక్కరికి ఒక్కొక్క సంకేతనామము లభించును. మన దేశపు హామ్‌ల సంకేతనామములు సాధారణముగా 'వి', 'యు' అను ఆంగ్లాక్షరములతో మొదలగును. ప్రధానమంత్రిగా పనిచేసిన శ్రీ రాజీవ్ గాంధీ కూడ లైసెన్సు పొందిన హామే.

వారి యంత్రముల శక్తి పెద్దది కాదు. నూరు వాట్లతో, అనగా పాతకాలపు పెద్ద బల్బు ఒకటి వెలుగుటకు పట్టునంత శక్తితో, వేలాది కిలోమీటర్ల దూరము మాటాడుచుందురు. దీనికి కారణము యంత్రములో కంటె ఆకాశములోనే ఎక్కువగా ఉన్నది.

పనికిరావని విడిచిపెట్టిన తరంగములు

1901 డిసెంబరు 12వ తేదీన మార్కొనీ అను ఇటలీ దేశీయుడు, ఇంగ్లండునుండి పంపిన మూడు చుక్కల సంకేతమును అట్లాంటిక్ మహాసముద్రమునకు ఆవలనున్న న్యూఫౌండ్‌లాండులో తాను వింటినని ప్రకటించెను. మధ్య దూరము మూడువేల కిలోమీటర్లకు పైమాటే. సముద్రపు వంపును తరంగము ఎట్లు దాటినది? ఆకాశములో ఎంతో ఎత్తున విద్యుత్తును ప్రసరింపజేయు పొర ఒకటి ఉండి, తరంగములను మరల నేలకు వంచుచున్నదని 1902లో అమెరికాలో కెన్నెలీ, ఇంగ్లండులో హెవిసైడ్ ఊహించిరి. అప్పటికి అది ఊహ మాత్రమే.

పొడవైన తరంగములే దూరము పోవునని ఆనాటి పెద్దల నమ్మకము. అందుచే 1912లో అమెరికా ప్రభుత్వము చట్టము చేసి, ఔత్సాహికులను 200 మీటర్లకు మించని పొట్టి తరంగములకు పరిమితము చేసినది. ఎవరికిని పనికిరాని బీడు భూమిని పేదరైతుకు ఇచ్చినట్లయినది. కాని ఆ బీడులోనే వారు బంగారము పండించిరి. 1923 నవంబరులో అమెరికా ఔత్సాహికులు ఫ్రాన్సులోని నీస్ నగరమున ఉన్న లెయాన్ దెలువాతో, సుమారు 100 మీటర్ల తరంగముపై, అట్లాంటిక్ మీదుగా ఇరువైపుల సంభాషణ జరిపిరి.

మరుసటి ఏడు ఇంకను పెద్ద వింత జరిగినది. 1924 అక్టోబరు 18వ తేదీన న్యూజీలండులో గొఱ్ఱెల పెంపకము చేయు ఫ్రాంక్ బెల్ అను రైతు, లండనులోని మిల్ హిల్ పాఠశాల విద్యార్థి సెసిల్ గాయ్డర్‌తో సంకేతములద్వారా సంభాషించెను. గాయ్డర్ వయస్సు అప్పటికి పదునెనిమిదేండ్లు. ఇరువురి మధ్య దూరము 18,000 కిలోమీటర్లకు పైన. భూగోళముమీద ఇంతకంటె ఎక్కువ దూరము పోవుటకు చోటు లేదనియే చెప్పవచ్చును. ఒక పల్లెటూరి రైతు, ఒక బడిపిల్లవాడు ఈ పని సాధించిరన్నది మనము ప్రత్యేకించి గమనింపదగిన సంగతి.

ఆ గాయ్డరే పెద్దవాడై 1936లో మన ఆలిండియా రేడియోకు ప్రధాన ఇంజనీరుగా వచ్చెను. ఆయన కాలముననే ఢిల్లీ, బొంబాయి, కలకత్తా, మద్రాసు నగరములలో హ్రస్వతరంగ ప్రసారములు మొదలైనవి.

ఆకాశపు పొరల కథ

కెన్నెలీ, హెవిసైడ్‌ల ఊహ నిజమేనని 1924 డిసెంబరులో ఇంగ్లండునందు ఆపిల్టన్, బార్నెట్ ప్రయోగము చేసి నిరూపించిరి. పై పొరలను గురించిన పరిశోధనలకు ఆపిల్టన్‌కు 1947లో నోబెల్ బహుమానము లభించెను. మన దేశమున కలకత్తాలో ఆచార్య శిశిర్ కుమార్ మిత్రా ఈ విషయమున విశేష కృషి సల్పి, 1947లో ప్రకటించిన గ్రంథము ప్రపంచమంతటను మన్నన పొందినది.

ఈ పొరలు ఏర్పడు విధమును గ్రహింతము. సూర్యునినుండి వెలుగుతోపాటు కంటికి కానరాని అతినీలలోహిత కిరణములు, ఎక్స్ కిరణములు కూడ వచ్చును. అవి సుమారు 60 కిలోమీటర్లకు పైన పలుచని గాలిలోని అణువులను తాకి, వాటినుండి ఎలక్ట్రానులను విడదీయును. ఎలక్ట్రానులతో నిండిన ఈ భాగమునే అయనావరణ మందురు. దీనిలో ముఖ్యముగా మూడు పొరలు గలవు. 60 నుండి 90 కిలోమీటర్ల ఎత్తున నున్నది 'డి' పొర. సుమారు 100 కిలోమీటర్ల ఎత్తున నున్నది 'ఇ' పొర. 200 నుండి 400 కిలోమీటర్ల వరకు వ్యాపించినది 'ఎఫ్' పొర. దూర ప్రయాణమునకు ముఖ్యమైనది ఈ 'ఎఫ్' పొరయే.

నీటిలో సగము ముంచిన కఱ్ఱ వంగినట్లు కనబడుట మీరెరుగుదురు. గాలినుండి నీటిలోనికి, నీటినుండి గాలిలోనికి పోవునపుడు వెలుగు దారి మార్చుకొనును. అట్లే నేలనుండి పైకి పోయిన తరంగము ఎలక్ట్రానులు దట్టముగా నున్న పొరలో ప్రవేశించి, కొంచెము కొంచెముగా వంగి, చివరకు నేలవైపునకు తిరిగివచ్చును. నేలను, సముద్రమును తాకి మరల పైకి లేచును. పిల్లలు చెరువులో పెంకు విసరి కప్పగంతులు వేయించినట్లు, తరంగము కూడ నేలకు, ఆకాశమునకు మధ్య గంతులు వేయుచు పోవును. 'ఎఫ్' పొరవలన ఒక్క గంతులో 4,000 కిలోమీటర్ల వరకు పోగలదు. ఆ లెక్కన బెల్, గాయ్డర్‌ల సంకేతములకు కనీసము అయిదు గంతులు కావలెను. తరంగ వేగము సెకనుకు 3 లక్షల కిలోమీటర్లు గనుక ఈ ప్రయాణమంతయు రెప్పపాటులో ముగియును.

పగలు, రాత్రి, ఋతువు

ప్రతి తరంగము ప్రతి వేళ దూరము పోదు. రైతు అదను చూచి విత్తినట్లు హామ్ కూడ అదను చూచి తరంగమును ఎన్నుకొనవలెను. పగటివేళ క్రిందనున్న 'డి' పొర పొడుగు తరంగములను పైకి పోనీయక పీల్చివేయును. ప్రొద్దు క్రుంకగనే ఆ పొర మాయమగును. పైనున్న 'ఎఫ్' పొర మాత్రము రాత్రియంతయు కొంత మిగిలియుండును. పగలు వినబడని దూరపు మధ్యమతరంగ కేంద్రములు రాత్రి వినబడుటకు కారణ మిదియే.

మెగాహెర్ట్జుల సంఖ్యతో 300ను భాగించిన తరంగపు పొడవు మీటర్లలో వచ్చును. 7 మెగాహెర్ట్జులనగా సుమారు 40 మీటర్లు. ఇది రాత్రివేళ దూరమునకు అనుకూలము. 14 మెగాహెర్ట్జులనగా సుమారు 20 మీటర్లు. ఇది ఎక్కువగా పగటివేళ ఖండాంతరములకు పనికివచ్చును. 28 మెగాహెర్ట్జులు సూర్యునిపై మచ్చలు ఎక్కువగా నున్న సంవత్సరములలో బాగుగా పనిచేయును. ఈ మచ్చలు ఇంచుమించు 11 సంవత్సరముల కొకసారి పెరిగి తరుగుచుండును. సెల్ ఫోను తరంగములు మిక్కిలి పొట్టివి. అవి ఈ పొరలలో వంగక, అంతరిక్షములోనికి చొచ్చుకొని పోవును. కావుననే సెల్ ఫోనుకు దగ్గరలో టవరు తప్పనిసరి.

ఒక హెచ్చరిక కూడ చేయవలసియున్నది. సూర్యునిపై పెద్ద మంటలు చెలరేగినపుడు పగటి భాగమున హ్రస్వతరంగములు కొన్ని నిమిషములనుండి ఒకటి రెండు గంటలవరకు స్తంభించుట కలదు. కావున ఇది అన్ని వేళల తప్పక పనిచేయు సాధనమని భావింపరాదు. ఇతర సాధనములు చెడినపుడు ఆదుకొను తోడు అని భావింపవలెను.

దగ్గరి ఊరికి మాట చేరుట ఎట్లు?

పల్లముగా పంపిన తరంగము దూరమున దిగును. మధ్యనున్న వందల కిలోమీటర్ల మేర అది వినబడదు. ఆస్ట్రేలియాకు వినబడిన మాట పొరుగు జిల్లాకు వినబడకపోవుట ఇందువలననే. దీనికి ఉపాయ మున్నది. మిద్దె కప్పునకు బంతిని ఏటవాలుగా విసరిన దూరమున పడును. నిట్టనిలువుగా విసరిన దగ్గరలోనే పడును. అట్లే 7 మెగాహెర్ట్జుల ప్రాంతమున, తీగను ఎక్కువ ఎత్తున కట్టక, తరంగమును నిలువుగా పైకి పంపిన, అది తిరిగివచ్చి చుట్టుప్రక్కల మూడు నాలుగు వందల కిలోమీటర్ల మేర నలుదెసల వ్యాపించును. కొండలు అడ్డమున్నను బాధ లేదు. ఇందుకు కావలసినది ఇంచుమించు 20 మీటర్ల రాగితీగ, దానిని కట్టుటకు రెండు గుంజలు, యంత్రము, ట్రాక్టరుకు వాడునటువంటి 12 వోల్టుల బ్యాటరీ.

2004 నాటి అనుభవము

హైదరాబాదులోని జాతీయ ఔత్సాహిక రేడియో సంస్థ పక్షమున శ్రీమతి భారతీ ప్రసాద్ నాయకత్వమున ఒక బృందము 2004 డిసెంబరులో అండమాను దీవులకు వెళ్ళినది. ప్రపంచపు హామ్‌లతో మాటాడుటయే వారి ఉద్దేశము. డిసెంబరు 26వ తేదీన భూకంపము, సునామీ వచ్చి ఆ దీవులలో వార్తా సంబంధములు దెబ్బతినినవి. అంతట ఆ బృందము తమ వినోదమును విడిచి, పోర్ట్ బ్లెయిర్‌నుండి సహాయ సందేశములను, బంధువుల క్షేమ సమాచారములను వేయి కిలోమీటర్లకు పైగా దూరమున నున్న ప్రధాన భూభాగమునకు అందజేసినది. వారి యంత్రము ముందే సిద్ధముగా నుండుటవలననే అది సాధ్యమైనది. ఆపద వచ్చిన పిదప నేర్చుకొను విద్య కాదిది.

పంచాయతీ చేయదగిన పనులు

మొదటిది: మీ మండలమున, జిల్లాలో లైసెన్సుగల హామ్‌లు ఉన్నారేమో విచారించి, వారి వివరములను పంచాయతీ విపత్తు ప్రణాళికలో వ్రాసి ఉంచవలెను.

రెండవది: ఎవరైన తమ ఇంటిపై తీగ కట్టిన, ఊరివారికి సందేహము కలుగుట సహజము. అట్టి ఫిర్యాదు వచ్చినపుడు తొందరపడి తీగ తీయింపక, లైసెన్సు చూపుమని అడుగవలెను. తీగ కరెంటు లైనులకు దూరముగా నున్నదో లేదో, పిడుగుల వేళ యంత్రమునుండి తీగను విడదీయు ఏర్పాటు, ఎర్తింగు ఉన్నవో లేవో కనుగొనవలెను. ఇవి సరిగా నున్న ఆ వ్యక్తి ఊరికి మేలు చేయగలవాడే.

మూడవది: ఉన్నత పాఠశాల విద్యార్థులలో ఆసక్తిగలవారిని ఈ పరీక్షకు చదువుటకు ప్రోత్సహింపవలెను.

నాలుగవది: సందేశము వ్రాయు పద్ధతి నేర్వవలెను. "మా ఊరు మునిగినది, వెంటనే రండు" అన్న మాటవలన అధికారికి ఏమియు తెలియదు. ఊరు, మండలము, వేళ, ఎందరు చిక్కుకొనిరి, ఎక్కడ ఉన్నారు, ఏమి కావలెను, పంపినది ఎవరు అను వివరములు ఉండవలెను. "ఉదయము 6 గంటలు. నలువదిమంది బడి మిద్దెపై ఉన్నారు. ఒక గర్భిణి కలదు. పడవ, త్రాగునీరు కావలెను. సర్పంచి" అని వ్రాసిన చాలును. తరంగము ఎంత దూరము పోయినను, మోసికొనిపోవునది మనము చెప్పిన మాటనే గదా!

ఇక మొదటి ప్రశ్నకు వత్తము. నేల అడ్డము వచ్చుట నిజమే. కాని పైనున్న ఆకాశము ఆ మాటను పట్టి మరల నేలకు అందించుచున్నది. ఆ ఏర్పాటు ప్రకృతి మనకు ఉచితముగా ఇచ్చినది. దానిని వాడుకొనుటకు ఊరికొక యువకుడో యువతియో ముందుకు వచ్చిన, తుపాను రాత్రి ఆ ఊరు ఒంటరిది కాదు. వచ్చే సమావేశమున ఈ విషయమును చర్చకు పెట్టవలసినదిగా సభ్యులను కోరుచున్నాము.