చేరదీసిన కుక్కకు తగిన ఇల్లు

ఆకలిగొన్న మూగప్రాణికి ఒక పిడికెడన్నము పెట్టుట దయ. ఆ ప్రాణికి బ్రదుకంతయు నిలువనీడ చూపుట బాధ్యత. మొదటిది ఒక్కపూటలో ముగియును. రెండవది ఏండ్ల తరబడి సాగును. ఈ రెంటికిని గల భేదమును ఒక ఉదాహరణముచే తెలిసికొందము.

నెల్లూరికి తూర్పున, ఇందుకూరుపేట మండలమున, సముద్రతీరమందు మైపాడు కలదు. సెలవుదినములలో అచ్చటికి జనులు వచ్చి పోవుచుందురు. వారు విడిచిన తిండిని నమ్ముకొని తీరమున కుక్కలు తిరుగుచుండును. అందు నాలుగైదేండ్ల కుక్క యొకటి వాహనము తగిలి కాలు విరిగి పడియున్నదనుకొందము. ఒక గృహస్థు దానిని తెచ్చి, పశువైద్యునిచే కట్టు కట్టించి బ్రదికించెను. కాలు కొంత కుంటుపడినది. అది మనిషిని చూచినంతనే తోక యాడించుచు వచ్చి ఒడిలో తల పెట్టును. కాని ఆ గృహస్థునకు దానిని తన ఇంట ఉంచుకొను వీలు లేదు. అతడేమి చేయవలెను?

తెచ్చినచోటనే విడువుమని కొందరందురు. ఆరోగ్యముగల వీధికుక్కలకు సంతాన నిరోధక శస్త్రచికిత్స చేసి, టీకా వేసి, మునుపటి తావుననే విడువవలెనని 2023 నాటి నిబంధనలు చెప్పుచున్న మాట నిజమే. కాని కుంటికాలితో, మనిషికి మరగిన కుక్క అచ్చట పోరాడి బ్రదుకజాలదు. పెంచినవారే ఆకలిదప్పులకు విడిచిపెట్టుట 1960 నాటి జంతుహింసా నివారణ చట్టము ప్రకారము నేరము. మరియు వేసవికి ముందు ఈ తీరమున ఆలివ్ రిడ్లే తాబేళ్లు ఇసుకలో గ్రుడ్లు పెట్టును. ఆకలిగొన్న కుక్కలు వాటిని త్రవ్వి తినును. ఒక ప్రాణి నిరాశ్రయమైనచో ఆ కష్టము మరియొక ప్రాణికిని సోకును.

రొయ్యల చెరువు కాపలాకు ఇమ్మని మరికొందరందురు. ఇదియు తగదు. చెరువులోనికి తెగులు రాకుండుటకై కుక్కలను సయితము దూరముగా ఉంచుటకు కంచె కట్టుదురు. ఇక కాపలా పేరిట గొలుసున కట్టి ఒంటరిగా విడిచినచో, మనుషుల ప్రేమను కోరు కుక్క కాపలా కాయదు సరికదా, తాను కృశించును. అది చెడ్డ కుక్క కాదు, చెడ్డ ఇల్లును కాకపోవచ్చును. కుదిర్చిన పొత్తు చెడ్డది.

స్వభావ పరీక్ష: పెరిగిన కుక్కను తీసికొనుటలో ఒక మేలు కలదు. కుక్కపిల్ల ఎట్లు పెరుగునో తెలియదు. పెరిగినదాని గుణము కన్నుల యెదుటనే యున్నది. రెండు మూడు వారములు గమనింపవలెను. పిల్లలతో, పిల్లులతో, కోళ్లతో, మేకలతో ఎట్లు మెలగును? తినునప్పుడు గిన్నె ముట్టుకొన్న గుఱ్ఱుమనునా? ఒంటరిగా ఉండగలదా? టపాకాయల మ్రోతకు పారిపోవునా? కనుగొన్నది కనుగొన్నట్లు చెప్పవలెను. వేయి అబద్ధములాడియైన ఒక పెండ్లి చేయుమన్న సామెత ఇచ్చట చెల్లదు. ఒక్క అబద్ధము చాలును, కుక్క మరల వీధిపాలగుటకు.

గృహ పరీక్ష: పగలు ఇంట ఎవరుందురు? ఇంటిల్లిపాదికిని సమ్మతమేనా? అద్దె యిల్లైనచో యజమాని ఒప్పుకొనెనా? ఊరికి పోయినప్పుడు ఎవరు చూతురు? పూజ జరుగు ఇంట కుక్క ఎంతవఱకు రావచ్చునో ముందే నిశ్చయించుకొనవలెను. నేడు గదిలోనికి పిలిచి రేపు గద్దించిన దానికేమి తెలియును? శాకాహారుల ఇంట పెరుగన్నముతోనే సరిపుచ్చరాదు. పశువైద్యుని అడిగి పోషకములు సమకూర్చవలెను. ఉల్లి, ద్రాక్ష, చాక్లెట్ పెట్టరాదు. ఏటేట రేబిస్ టీకా తప్పనిసరి. కుంటికాలి కుక్కకు మేడమెట్లు గల ఇంటికంటె నేలయిల్లు మేలు.

అప్పగింత: కొత్తవారు రెండు మూడు మార్లు వచ్చి దానితో మెలగిన పిమ్మటనే అప్పగింపవలెను. అది పడుకొను పాతగుడ్డను వెంట పంపవలెను. తొలి మూడు దినములు బెదురు, మూడు వారములకు అలవాటు, మూడు మాసములకు నమ్మకము అని అనుభవజ్ఞులు లెక్క చెప్పుదురు. తొలిదినములలో తినకున్నను, మూల నక్కినను విసుగు చెందరాదు. పెంచుకొన్న కుక్క మరల వీధికి రాకుండ చూచు బాధ్యత పెంచుకొన్నవారిదేయని సుప్రీంకోర్టు 2025 ఆగస్టు 22న చెప్పినది. కావున ఎన్నడైన పెంపకము సాగనిచో కుక్కను ఇచ్చినవానికే తిరిగి ఇత్తుమని మాట తీసికొనవలెను. ఇచ్చినవాడును తలుపు తెఱచి యుంచవలెను.

పై గృహస్థునకు తగిన ఇల్లు వారములో దొరకకపోవచ్చును. అంతవఱకు ఆ కుక్క అతని అరుగు మీదనే యుండవలెను. మహాప్రస్థానమున తన్ను నమ్మి వచ్చిన కుక్కను విడిచి స్వర్గమునకు రానన్నాడు ధర్మరాజు. ధర్మమునకు దయయే మూలమని బసవేశ్వరుడు బోధించెను. మూలము గట్టిదైనచో అది గాయము మానినంతనే ఆగదు. నమ్మిన ప్రాణికి నీడ కుదురువఱకు నడచును.