నెట్టు రాకపోతే ఎక్కడ వెతకాలి? (లినక్స్ కంప్యూటరులో వైఫై పాఠం)



ఈ నెల విజ్ఞాన శీర్షికలో కంప్యూటరు గదికి పనికొచ్చే పాఠం ఒకటి రాస్తున్నాము. ఇప్పుడు స్కాలర్‌షిప్పు దరఖాస్తు, ఇంటర్ అడ్మిషను, హాల్ టికెట్టు అన్నీ నెట్టులోనే కదా! చివరి తేదీ సాయంత్రం నెట్టు పోయిందంటే నష్టపోయేది మనమే. అలాంటప్పుడు "కంప్యూటరు పాడైపోయింది" అని దాని మీద గుడ్డ కప్పేసి, టౌను నుంచి మెకానిక్కు వచ్చేదాకా కూర్చోవడం మంచిది కాదు. చాలాసార్లు తప్పు చిన్నదే ఉంటుంది. ఎక్కడుందో వెతకడం మాత్రం తెలియాలి.

లినక్స్ అంటే ఏమిటి?

కంప్యూటరును నడిపించే మూల ప్రోగ్రామును ఆపరేటింగ్ సిస్టం అంటారు. 1991లో ఫిన్లాండు దేశంలో హెల్సింకీ విశ్వవిద్యాలయ విద్యార్థి లీనస్ టోర్వాల్డ్స్ లినక్స్‌ను మొదలుపెట్టాడు. దాని కోడు అందరికీ తెరిచి ఉంటుంది గనుక ఓపెన్ సోర్స్ అంటారు. ఎవరైనా చదవొచ్చు, మార్చొచ్చు, డబ్బు కట్టకుండా వాడుకోవచ్చు. దాని మీద తయారైన ఉబుంటు 2004లో వచ్చింది. కేరళ సర్కారు బడుల్లో లినక్స్ మీదే పాఠాలు చెబుతారు.

మరి లినక్స్‌లో వైఫై ఎందుకు మొరాయిస్తుంది? వైఫై కార్డును నడపడానికి డ్రైవరు అనే చిన్న ప్రోగ్రాము కావాలి. కొన్ని కంపెనీలు డ్రైవరును విండోస్‌కు మాత్రమే రాసి, కార్డు లోపలి సంగతులు బయటపెట్టలేదు. అందుచేత కొన్ని పాత కార్డులకు డ్రైవరు విడిగా వేసుకోవాలి. ఈ రోజుల్లో చాలా కార్డులు వెంటనే పనిచేస్తున్నాయి.

వెతికే పద్ధతి

ఏజెన్సీ ఊళ్ళల్లో కొండ మీది ఊట నుంచి పైపు వేసి నీళ్ళు తెస్తారు. కుళాయిలో నీళ్ళు రాకపోతే ఏం చేస్తాం? కుళాయి చూస్తాం, తర్వాత తొట్టి, తర్వాత పైపు వెంట నడుచుకుంటూ ఊట దాకా పోతాం. నెట్టు కూడా ఇంతే. మీట, కార్డు, రూటరు, బయటి లైను, పేర్లు. ఈ వరుసలో దగ్గర నుంచి దూరానికి పోవాలి.

అన్నిటికన్నా ముందు ఒక ప్రశ్న: అదే రూటరు నుంచి ఫోనుకు నెట్టు వస్తోందా? వస్తుంటే తప్పు మన కంప్యూటరు వైపు. ఎవరికీ రాకపోతే తప్పు రూటరులోనో బయటి లైనులోనో ఉంది.

ఇప్పుడు కంట్రోల్, ఆల్ట్, టి మూడూ కలిపి నొక్కండి. ఉబుంటులో టెర్మినల్ అనే నల్ల కిటికీ తెరుచుకుంటుంది. అందులో ఇంగ్లీషు చిన్న అక్షరాలే కొట్టాలి. ఇక్కడ అక్షరాలు విడదీసి రాస్తున్నాము. "ఖాళీ" అన్నచోట స్పేసు బారు, చివర ఎంటరు నొక్కాలి.

1. మీట: ఆర్-ఎఫ్-కె-ఐ-ఎల్-ఎల్, ఖాళీ, ఎల్-ఐ-ఎస్-టి అని కొట్టండి. "సాఫ్ట్ బ్లాక్డ్" ఎదురుగా "యెస్" ఉంటే మెనూలో వైఫై ఆపి ఉందని గానీ, ఏరోప్లేన్ మోడ్ వేసి ఉందని గానీ అర్థం. అక్కడ సరిచేస్తే చాలు. "హార్డ్ బ్లాక్డ్" ఎదురుగా "యెస్" ఉంటే ల్యాప్‌టాపు పక్కనున్న మీటో, కీబోర్డు మీది వైఫై గుర్తు మీటో వెయ్యాలి.

2. కార్డు, డ్రైవరు: ఎల్-ఎస్-పి-సి-ఐ అని కొడితే లోపలున్న కార్డుల పట్టీ వస్తుంది. యు.ఎస్.బి.కి గుచ్చే వైఫై అయితే ఎల్-ఎస్-యు-ఎస్-బి. పట్టీలో కార్డు కనిపించి, మెనూలో వైఫై లేకపోతే డ్రైవరు లేదన్నమాట. "అడిషనల్ డ్రైవర్స్" అనే చోట దొరకొచ్చు. బ్రాడ్‌కామ్ కార్డులకు ఈ పని ఎక్కువగా పడుతుంది. డ్రైవరు తేవడానికి మళ్ళీ నెట్టు కావాలి కదా? వార్డెన్ గారిని అడిగి ఫోనును ఛార్జింగు వైరుతో కంప్యూటరుకు కలిపి, ఫోను సెట్టింగుల్లో యు.ఎస్.బి. టెథరింగ్ వేస్తే సరి. మామూలుగా లినక్స్ దాన్ని వెంటనే గుర్తుపడుతుంది. ఛార్జింగుకు మాత్రమే పనికొచ్చే వైరు అయితే పనిచెయ్యదు.

3. రూటరు: వైఫై పేరు కనబడకపోతే దూరం చూడండి. ఇనప బీరువా వెనక రూటరు పెడితే సిగ్నలు పడిపోతుంది. 5 గిగాహెర్ట్జ్ కన్నా 2.4 గిగాహెర్ట్జ్ సిగ్నలు గోడలు దాటి ఎక్కువ దూరం పోతుంది. పాత కార్డులు కొన్నిటికి 5 గిగాహెర్ట్జ్ కనిపించనే కనిపించదు. పేరు కనబడుతూ పాస్‌వర్డు మళ్ళీ మళ్ళీ అడుగుతుంటే, పాతది "ఫర్గెట్" చేసి కొత్తగా కొట్టండి. క్యాప్స్ లాక్ చూసుకోండి.

4. అడ్రసు: ఐ-పి, ఖాళీ, ఎ అని కొట్టండి. డబ్ల్యు అక్షరంతో మొదలయ్యే పేరు మన వైఫైది. దాని కింద "ఇనెట్" పక్కన 192.168తోనో, 10తోనో మొదలయ్యే అంకె సాధారణంగా ఉంటుంది. అసలు అంకే లేకపోతే రూటరు మనకు అడ్రసు ఇవ్వలేదు. రూటరు ఆపి, ఒక నిమిషం ఆగి మళ్ళీ వెయ్యండి.

5. బయటి లైను: ఐ-పి, ఖాళీ, ఆర్ అని కొడితే "డిఫాల్ట్ వయా" పక్కన రూటరు అంకె వస్తుంది. పి-ఐ-ఎన్-జి, ఖాళీ, ఆ అంకె కొట్టండి. జవాబులు వరుసగా వస్తాయి. ఆపడానికి కంట్రోల్, సి. తర్వాత అదే విధంగా 8.8.8.8 కొట్టండి. ఇది గూగుల్ వారి అంకె. రూటరు పలికి, ఇది పలకకపోతే తప్పు చాలామటుకు బయటి లైనుదే. మన కంప్యూటరును కెలికి లాభం లేదు. నెట్టు ఇచ్చేవారికి ఫోను చేయించాలి.

6. పేర్లు: 8.8.8.8 పలుకుతోంది, వెబ్‌సైటు పేరు కొడితే మాత్రం రాదు. అప్పుడు తప్పు డి.ఎన్.ఎస్.లో ఉంది. హాజరు పట్టీలో పేరుకు రోల్ నెంబరు ఉన్నట్టే, ప్రతి వెబ్‌సైటు పేరుకూ ఒక అంకె ఉంటుంది. ఆ పట్టీ చూసి చెప్పేదే డి.ఎన్.ఎస్. వైఫై సెట్టింగుల్లో ఐపీవీ4 దగ్గర డి.ఎన్.ఎస్. గడిలో 8.8.8.8 రాసి, వైఫై ఆపి మళ్ళీ కలపండి.

7. గడియారం: అన్నీ బాగున్నా బ్రౌజరు "ఇది సురక్షితం కాదు" అంటుంటే తేదీ చూడండి. వెబ్‌సైటు సర్టిఫికెట్టుకు గడువు ఉంటుంది. మన కంప్యూటరు ఏనాటిదో తేదీ చూపిస్తే అది చెల్లదు. తేదీ సరిచేస్తే సైటు తెరుచుకుంటుంది. కరెంటు తీసిన ప్రతిసారీ తేదీ వెనక్కి పోతుంటే లోపలి బిళ్ళ సెల్లు అయిపోయింది. చాలా డెస్క్‌టాపుల్లో అది సి.ఆర్. 2032 రకం.

జాగ్రత్తలు

ఒకసారికి ఒక్కటే మార్చండి. నాలుగు మార్చేస్తే దేనివల్ల బాగైందో తెలియదు. ఏం చేశారో, ఏం వచ్చిందో నోటుబుక్కులో రాయండి. తర్వాతి బ్యాచి వాళ్ళకు అదే పాఠ్యపుస్తకం. నెట్టు రాలేదని సిస్టం మొత్తం తుడిచి కొత్తగా వెయ్యొద్దు. అందరి ఫైళ్ళూ పోతాయి.

మెకానిక్కును పిలవాల్సి వచ్చినా "నెట్టు రావట్లేదు సార్" అని ఊరుకోకండి. "కార్డు కనిపిస్తోంది, అడ్రసు వచ్చింది, రూటరు పలుకుతోంది, 8.8.8.8 పలకడం లేదు" అని చెప్పండి. సగం పని మనమే చేసినట్టు.

ప్రశ్నలు

1. ఫోనుకు నెట్టు వస్తోంది, కంప్యూటరుకు రావడం లేదు. మొదట ఏ రెండు చూస్తారు?
2. "ఇనెట్" అంకె లేదు. ఎవరు ఇవ్వలేదు?
3. 8.8.8.8 పలికింది, స్కాలర్‌షిప్పు సైటు పేరు పలకలేదు. తప్పు ఎక్కడ?

జవాబులు కాగితం మీద రాసి గోడపత్రిక డబ్బాలో వెయ్యండి. సరైన జవాబులు వచ్చే నెల ఇదే చోట చూడండి.