పంటి చికిత్సకు పిల్లాడికి మత్తా?

ప్రశ్న: మా ఆరేళ్ల బాబుకు నాలుగు పళ్లు పుచ్చాయి. కుర్చీ చూస్తేనే ఏడుస్తాడు. మత్తిచ్చి చేయాలంటున్నారు. భయంగా ఉంది. – ఒక తల్లి, రాజోలు

జవాబు: అమ్మా, ముందు ఏ మత్తో అడగండి. ముక్కుకు మాస్కు పెట్టి నైట్రస్ ఆక్సైడ్, ఆక్సిజన్ కలిపి ఇస్తే బాబు మెలకువగానే ఉంటాడు, పిలిస్తే పలుకుతాడు. 1844లో అమెరికా దంతవైద్యుడు హోరేస్ వెల్స్ తన పన్ను తీయించుకున్నది నైట్రస్ ఆక్సైడ్‌తోనే. మిడజోలం మందైతే నిద్రమత్తు ఎక్కువ. మోతాదు మించితే ఊపిరి మందగిస్తుంది.

పూర్తి మత్తయితే చిన్న క్లినిక్‌లో ఒప్పుకోకండి. మత్తు డాక్టరు, ఆపరేషన్ థియేటరు ఉన్న ఆసుపత్రికే వెళ్లండి; అమలాపురంలో వైద్య కళాశాల ఆసుపత్రి ఉంది. మత్తుకు 6 గంటల ముందు నుంచి అన్నం, పాలు వద్దు. 2 గంటల ముందు వరకు మంచినీళ్లు పట్టొచ్చు. ఏడుస్తున్నాడని జాలిపడి గుక్కెడు పాలు కూడా ఇవ్వకండి. వాంతై ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణం మీదికొస్తుంది. జలుబు, ఆయాసం ఉంటే ముందే చెప్పండి.