మోటారు సైకిలుకు మూడవ చక్రము

మన పాఠశాల తలిదండ్రులలో కాలి బలము కొరవడినవారును, వయసు మీరినవారును కొందరు కలరు. వారి స్కూటర్లకు ఇరుప్రక్కల చిన్న చక్రములు అమర్చియుండుటను పిల్లలు చూచుచునే యున్నారు. “ఈ చక్రము లున్నచో బండి యిక పడదా?” యని వారు అడుగుట సహజము. తరగతిలో శాస్త్రమును ఏ భాషలో చదివినను, ఇట్టి ప్రశ్నకు ఇంటివద్ద తెలుగులోనే సమాధానము చెప్పవచ్చును. అందులకు తోడ్పడుటకే యీ పాఠమును వ్రాయుచున్నాము.

మొదట ముక్కాలిపీటను తలచుకొందము. నేల ఎగుడుదిగుడుగ నున్నను అది కదలాడదు. నాలుగు కాళ్ల పీట కదలాడును. ఏలయన మూడు బిందువులు ఎప్పుడును ఒకే తలములో నుండును. అయినను కూర్చున్నవాడు రెండు కాళ్ల నడిమి వైపునకు ఒరిగెనా, పీట తలక్రిందులగును. వస్తువు బరువంతయు ఏ బిందువున కూడినట్లు తోచునో దానిని గరిమనాభి యందురు. గరిమనాభినుండి దిగు నిలువుగీత మూడు కాళ్లను కలుపు త్రిభుజము లోపల నున్నంతవరకు పీట నిలుచును. గీత దాటినచో పడును. మూడు చక్రముల బండి గుణదోషములన్నియు ఈ త్రిభుజములోనే యున్నవి.

రెండు చక్రముల బండి ఆగినచో పడును. కాని పరుగెత్తునపుడు మలుపులో లోపలికి ఒరిగి తన్ను తాను నిలదొక్కుకొనును. మూడు చక్రముల బండి ఆగినను పడదు. అయితే మలుపులో ఒరగలేదు. కావున అపకేంద్ర బలము దానిని వెలుపలికి పడద్రోయ చూచును. వేగము రెట్టింపైనచో ఆ బలము నాలుగింతలగును.

ఒక లెక్క చూతము. వెనుక చక్రముల నడుమ ఎడము 1 మీటరు; గరిమనాభి నేలకు 60 సెంటీమీటర్ల ఎత్తున, ముందు ఇరుసునుండి వెనుక ఇరుసువరకు గల పొడవులో మూడింట రెండు వంతుల దూరమున నున్నదనుకొందము. ఆ చోట త్రిభుజపు వెడల్పు 1 మీటరు కాదు, సుమారు 67 సెంటీమీటర్లే. టైర్లు జారవనుకొన్నచో, 15 మీటర్ల వ్యాసార్ధము గల మలుపులో ఇట్టి బండి గంటకు సుమారు 32 కిలోమీటర్లు దాటగానే లోపలి చక్రమును పైకెత్తును. అదే వెడల్పు, అదే ఎత్తు గల నాలుగు చక్రముల బండి సుమారు 40 కిలోమీటర్ల వరకు నిలుచును. మలుపు నడుమ బ్రేకు వేసినచో బరువు త్రిభుజపు ఇరుకు కొన వైపునకు, అనగా ముందుకు, జరుగును. అందుచే వేగమును మలుపునకు ముందే తగ్గించుకొనవలెను.

నడుపు విధానమును గూడ మరల నేర్వవలసియున్నది. మోటారు సైకిలుపై వేగముగ పోవువాడు ఎడమకు తిరుగుటకు ఎడమ పిడిని కొంచెము ముందుకు నెట్టును. బండి ఎడమకు ఒరిగి ఎడమకే తిరుగును. మూడు చక్రముల బండిపై అట్లే నెట్టినచో బండి కుడికి పోవును! ఏండ్ల తరబడి చేతులకు అబ్బిన అలవాటు ఆపద సమయమున శత్రువగును.

ఇక ఇరుసు సంగతి. ఎడ్లబండి చక్రములు ఇరుసుపై దేనికది తిరుగును. కడచీల అవి జారిపోకుండ ఆపును. కావున మలుపున చిక్కు లేదు. మోటారు బండిలో ఇరుసే చక్రములను త్రిప్పవలెను. చక్రముల ఎడము 1 మీటరైనచో, వీధి మూలలో నిలువుకోణముగ తిరుగునపుడు బయటి చక్రము లోపలిదానికంటె సుమారు 1.57 మీటర్లు ఎక్కువ నడువవలెను. రెండును ఒకే ఇరుసునకు బిగించియున్నచో ఒకటి ఈడ్వబడక తప్పదు. టైరు అరుగును, బండి తిరుగుటకు మొరాయించును. ఈ తేడాను సర్దు పళ్లచక్రముల అమరికయే డిఫరెన్షియలు. 1877లో ఇంగ్లండున జేమ్స్ స్టార్లీ దీనిని కాలితో త్రొక్కు మూడు చక్రముల బండ్లకు అమర్చెను. అమెరికాలో హార్లీ-డేవిడ్‌సన్ వారు 1932 నుండి 1973 వరకు నిర్మించిన ‘సర్వీ-కార్’ అను మూడు చక్రముల బండికిని డిఫరెన్షియలు కలదు.

మన దేశమునను ఈ మార్పునకు చరిత్ర కలదు. రెండవ ప్రపంచయుద్ధానంతరము మిగిలిన సైనిక హార్లీ బండ్ల వెనుకభాగమును కోసి, పలువురు కూర్చుండు పెట్టెలను చేర్చి ఢిల్లీలో బాడుగకు నడిపిరి. వాని చప్పుడునుబట్టి జనులు వానిని ‘ఫట్‌ఫటీ’ లనిరి. కాలుష్య నివారణ ఉత్తరువుల ఫలితముగ 1998లో అవి వీధులనుండి తొలగినవి. గుజరాతులోని సౌరాష్ట్రమున బుల్లెట్టు మోటారు సైకిలు ముందుభాగముతో చేసిన ‘ఛకడా’లు పల్లెజనులను, సరకును మోసినవి.

మనము చూచు స్కూటర్లలో వెనుక చక్రమును తీయరు. దాని కిరుప్రక్కల రెండు చక్రములు చేర్తురు. చక్రములు నాలుగైనను నేలపై ఆధారము త్రిభుజమే. ప్రక్క చక్రములకు స్ప్రింగులు లేక, అవి గట్టిగా బిగింపబడియున్నచో, గుంతలో నడిమి చక్రము గాలిలో తేలి పట్టు కోల్పోవును. దానిని త్రిప్పుచున్న ఇంజను అప్పుడు బండిని లాగజాలదు. కావున అమరికలో మొదట పరీక్షింపవలసినది ఇదియే.

చట్టమును మరువరాదు. 1988 నాటి మోటారు వాహనముల చట్టము, 52వ సెక్షను ప్రకారము, తయారీదారులు నిర్దేశించిన రూపమునకు భిన్నముగ యజమాని బండిని మార్చరాదు. సుప్రీంకోర్టు 2019 జనవరిలో దీనిని దృఢపరచినది. అంగవైకల్యము గలవారి ఉపయోగమునకై చేయు మార్పునకు చట్టమే త్రోవ చూపినది. రిజిస్టరు చేయు అధికారి ఆమోదము పొందవలెను. లైసెన్సునందును అట్టి వాహనమునకు ప్రత్యేక తరగతి కలదు. భీమా సంస్థకు తెలుపని మార్పు, ప్రమాదానంతరము పరిహారమునకు అడ్డు కావచ్చును.

మూడవ చక్రము చిన్న వస్తువు కాదు. ఇల్లు కదలలేనివానిని పనికి, అంగడికి, తన బిడ్డ పాఠశాలకు చేర్చునది అదియే. అందుచేతనే దానిని సరిగా అమర్చవలెనని, ఖాళీ మైదానమున కొన్నాళ్లు మెల్లగా నడిపి నేర్చిన పిమ్మటనే బిడ్డను వెనుక కూర్చుండబెట్టవలెనని కోరుచున్నాము. ఈ సాయంకాలము ఇంట ముక్కాలిపీట యున్నచో ముందుంచుకొని, గరిమనాభి యననేమో పిల్లలకు చూపుడు.